ఒత్తు పోయిన చీటీ

“అయితే సైకిల్ తొక్కినందుకు వాళ్లు నీకెంతిస్తారు?” అని అడిగాడు బాబాయి, తెనాలి నుంచి ఫోన్లో.

“వాళ్లివ్వరు బాబాయ్. రిజిస్ట్రేషన్ ఫీజు నేనే కట్టుకోవాలి. పైగా కనీసం 400 డాలర్లు చందాలు పోగుచేసి వాళ్లకివ్వాలి. అప్పుడే తొక్కనిస్తారు.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “ఎండలో?” అన్నాడు చివరికి.

“ఎండలోనే.”

ఇది 2018 సంగతి. అప్పుడు మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉండేవాళ్లం. ఏటా ఏప్రిల్లో అక్కడ ఎమ్మెస్ 150 అని పెద్ద సైకిల్ యాత్ర జరిగేది. శనివారం హ్యూస్టన్ వైపు నుంచి బయల్దేరి, రాత్రికి లా గ్రేంజ్ అనే చిన్న ఊళ్లో గుడారాల్లో పడుకుని, ఆదివారం ఆస్టిన్ చేరడం. మొదలుపెట్టే చోటును బట్టి మొత్తం 150 మైళ్లకు కాస్త అటూ ఇటూ, అంటే మన లెక్కలో 240 కిలోమీటర్లు. 1985లో కొన్ని వందల మందితో మొదలైందట. నేను వెళ్లిన ఏడాది పదివేల పైచిలుకు మందిమి ఉన్నాం. ఇప్పుడు పేరూ మారింది, దారీ మారింది. ఆస్టిన్ బదులు కాలేజ్ స్టేషన్‌కి తొక్కుతున్నారు.

ఎమ్మెస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్. మనవాళ్లకి ఎమ్మెస్ అంటే ఒకటే అర్థం కాబట్టి మా అపార్ట్‌మెంట్ పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో, చందా అడిగిన మొదటి రోజే దెబ్బ తగిలింది. “ఎమ్మెస్ చదివేవాళ్లకి చందాలేంటండీ, బ్యాంకు లోన్లు ఇస్తున్నాయిగా!” అన్నారొకాయన, గారె తుంచుకుంటూ. నవ్వుకున్నాం. తర్వాత జబ్బు గురించి చెప్పాను. “మనవాళ్లకి రాదుగా అది” అన్నారు.

వస్తుంది. చలి దేశాలతో పోలిస్తే మన దగ్గర తక్కువ, అంతే. మా బాబాయి కూతురికి వచ్చింది. పేరు రాయను. ఇది కూడా తను చదివి, రెండు చోట్ల కొట్టేసి, సరేనన్నాకే పెడుతున్నాను.

తనకి ఇరవై ఆరేళ్లప్పుడు ఓ పొద్దున లేచేసరికి కుడి కన్ను మసకేసింది. కళ్లద్దాలు మార్చారు. రెండు వారాలకు దానంతటదే బాగైంది, కొత్త అద్దాల మహిమ అనుకున్నారు. మరుసటేడు నడుం కింద నుంచి తిమ్మిర్లు. “నరాల బలహీనత” అన్నారు, బీ12 ఇంజెక్షన్లు పొడిచారు. మూడోసారి మెట్ల మీద కాలు ఎత్తలేక కూర్చుండిపోయాక హైదరాబాద్ తీసుకెళ్లి ఎమ్మారై తీయిస్తే బయటపడింది. మొదటి మసకకీ ఈ పేరుకీ మధ్య రెండున్నరేళ్లు పోయాయి.

మన రోగనిరోధక శక్తే దారి తప్పి, మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ అనే పొరను తినేస్తుంది. మా చెల్లి దీన్ని తనదైన పద్ధతిలో చెబుతుంది: “ఎలక వైరు కొరికినట్టు అన్నయ్యా. కాకపోతే ఎలకని మనమే పెంచుకున్నాం, బయటికి తరమడానికి లేదు.” ఏ వైరు కొరికితే ఆ లైటు ఆరుతుంది. ఒకరికి కన్ను, ఒకరికి కాలు, ఒకరికి మాట. అందుకే ఏ ఇద్దరి జబ్బూ ఒకేలా ఉండదు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడింతలు ఎక్కువ. అదీ చదువు అయిపోయి ఉద్యోగం, పెళ్లి అనుకునే వయసులో.

ఆ పెళ్లి దగ్గరే వచ్చింది చిక్కు. నేను తొక్కుతున్నానని చెప్పగానే చెల్లి పెట్టిన షరతు: “నా పేరు, నా ఫోటో, నా జబ్బు, మూడూ వద్దు. అక్కడ పెట్టింది ఇక్కడికి రావడానికి ఎంతసేపు?” సంబంధాలు చూస్తున్న రోజులు. నిజంగానే మా పాట్‌లక్‌లో గారె తిన్నాయన బావమరిది తెనాలే.

కాబట్టి కథ చెప్పకుండా డబ్బులడగాలి. ఇంతకంటే సైకిల్ తొక్కడం నయం. ఆఫీసులో మాత్రం ఆశ్చర్యపోయాను. మెయిల్ పంపిన గంటలో సగం వచ్చేసింది. ఒకరి మేనత్తకు, ఒకరి కాలేజీ స్నేహితుడికి, ఎప్పుడూ నోరు తెరవని మా టెస్టింగ్ లీడ్ వాళ్ల అమ్మకు. ఆ దేశంలో ఈ జబ్బున్నవాళ్లు పది లక్షలకు దగ్గరగా ఉంటారని అంచనా, ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు తెలుసు. అసలు ఈ యాత్ర నడిపే నేషనల్ ఎమ్మెస్ సొసైటీ పుట్టిందే అలా. సిల్వియా లారీ అనే ఆవిడ తమ్ముడికి ఈ జబ్బొస్తే, 1945లో న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటన ఇచ్చింది: దీన్నుంచి కోలుకున్నవాళ్లెవరైనా ఉంటే రాయండి అని. కోలుకున్నవాళ్లు కాదు, ఆవిడలాగే దారి వెతుక్కుంటున్నవాళ్లు రాశారు. మరుసటేడు సొసైటీ పెట్టింది.

ప్రాక్టీసు గురించి ఎక్కువ చెప్పుకోడానికేం లేదు. హ్యూస్టన్ చుట్టుపక్కల గుట్ట కావాలంటే ఫ్లైఓవరే దిక్కు. జనవరి నుంచి శని, ఆదివారాలు జార్జ్ బుష్ పార్కులో చదును దారి మీద తొక్కి తొక్కి, నేను గట్టివాణ్ణే అనే నమ్మకం తెచ్చుకున్నాను.

బయల్దేరే ముందు రాత్రి ఓ కాగితం ఇచ్చారు. ‘నేను ఫలానావారి కోసం తొక్కుతున్నాను’ అని ఉంటుంది, ఖాళీలో పేరు రాసి వీపుకు పిన్నీసులతో పెట్టుకోవాలి. పేరు వద్దంది కదా. మా అమ్మాయి స్కెచ్ పెన్ను తీసుకుని పెద్ద అక్షరాలతో ‘మా చెల్లి’ అని తెలుగులో రాశాను. ఎవడు చదువుతాడులే అనుకున్నాను.

శనివారం చీకటితో కేటీలో ఓ హైస్కూల్ స్టేడియం. ఎక్కడ చూసినా ఎర్ర బ్యాక్ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. జాతర్లో ప్రభలు వరసలో నిలబెట్టినట్టు గుంపులు గుంపులుగా వదిలారు. తెల్లారేసరికి పొలాల మధ్య ఉన్నాం. ఈ రోడ్లని అక్కడ ఫామ్ టు మార్కెట్ రోడ్లంటారు, రైతులు సరుకు పట్నానికి తోలుకోడానికి వేసినవి. తారు మీద కంకర చల్లి తొక్కించేశారు, అంతే. మొదటి ఇరవై మైళ్లలోనే అరచేతులు మొద్దుబారిపోయాయి. కారు వెనకాల వస్తే ఆఖరివాడు “కార్ బ్యాక్!” అని అరుస్తాడు, ముందువాడు అందుకుంటాడు, అలా ఆ కేక అర మైలు పాకిపోతుంది. బ్లూబోనెట్లు అనే నీలిపూల కాలం అయిపోవచ్చింది. రోడ్డు వారన ఎర్ర పూలకి పసుపు అంచు పెట్టినట్టుండే ఇండియన్ బ్లాంకెట్లు మాత్రం విరగబూసి ఉన్నాయి.

పది పన్నెండు మైళ్లకో విడిది. అరటిపళ్లు, నారింజ ముక్కలు, పీనట్ బటర్ బ్రెడ్. ఓ పెద్దాయన చిన్న కప్పుల్లో “పికిల్ జ్యూస్” అని పంచుతున్నాడు. పికిల్ అనగానే మన ప్రాణం ఆవకాయ ఊట దగ్గరికి పోతుంది కదా, ఆశగా గుటకేశాను. దోసకాయలు నానబెట్టిన ఉప్పు పులుసు నీళ్లు! కండరాలు పట్టేయకుండా అట. ముఖం చిట్లించి తాగాను గానీ పని చేసింది, తర్వాతి విడిదిలో నేనే అడిగి తీసుకున్నాను.

బెల్‌విల్‌లో భోజనం. అది దాటితే చదును అయిపోతుంది, నా గట్టితనం కూడా. మొదటి ఎత్తులోనే చైను పడిపోయింది. వారం ముందే ఓ షాపులో గేర్లు సరిచేయించాను, ఏం సరిచేశారో వాళ్లకే తెలియాలి. చేతులు నల్లగా చేసుకుని చైను ఎక్కిస్తుంటే ఓ ఆవిడ ఆగింది. యాభై దాటి ఉంటాయి. ఎమ్మెస్ ఉండి కూడా తొక్కేవాళ్లకు ‘ఐ రైడ్ విత్ ఎమ్మెస్’ అని రాసున్న జెర్సీ విడిగా ఇస్తారు. అది వేసుకుని ఉంది. మెడచుట్టూ తడిగుడ్డ, అందులో ఐసు ముక్కలు.

చైను పడ్డాక ఆవిడతోనే ఓ నాలుగు మైళ్లు నెమ్మదిగా వెళ్లాను. వొళ్లు వేడెక్కితే కన్ను మసకేస్తుందట, అప్పుడు దిగి నీడలో కూర్చుని, చల్లబడ్డాక మళ్లీ ఎక్కుతుందట. మా చెల్లికీ ఇంతే. మే నెలలో తెనాలిలో మధ్యాహ్నం బజారుకెళ్తే షాపు బోర్డులు అలుక్కుపోతాయంటుంది. పొర పోయిన నరం వేడికి ఇంకా తడబడుతుంది. 1890లోనే ఊథాఫ్ అనే జర్మన్ డాక్టర్ దీన్ని గమనించి రాశాడు. ఎమ్మారైలు రాకముందు, అనుమానం ఉన్నవాళ్లని వేణ్ణీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి లక్షణాలు పైకొస్తాయేమో చూసేవారట.

“ఎవరికోసం?” అని నా వీపు వైపు చూసి అడిగింది. చెల్లి అన్నాను. పేరు అడిగింది. చెప్పొద్దందన్నాను.

“నేనూ ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మక్కూడా” అంది. తర్వాత వచ్చిన చెట్టు నీడలో దిగిపోయింది, నన్ను వెళ్లమంది.

లా గ్రేంజ్ చేరేసరికి సాయంత్రం నాలుగు. ఊరి సంత మైదానమంతా గుడారాలే. కంపెనీకో పెద్ద డేరా, బీరు, మసాజులు, లారీల్లో కట్టిన స్నానాల గదులు, వాటి ముందు గంట క్యూ. ఆ ప్రాంతంలో చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎక్కువ, వాళ్ల కొలాచీలు రుచిగా ఉంటాయి. మెత్తటి బన్ను మధ్యలో పండ్ల గుజ్జు. మూడు తిన్నాను. అయినా మా ఆవిడ ఫాయిల్‌లో చుట్టిచ్చిన పులిహోర విప్పేసరికి పక్క డేరా నుంచి ఇద్దరు తెలుగువాళ్లు వాసన పట్టి వచ్చేశారు. ఒకతని దగ్గర మాగాయ సీసా ఉంది. సైకిల్ యాత్రకు మాగాయ తెచ్చుకున్నవాణ్ణి ఎలా గౌరవించాలో నాకు తెలియలేదు. రాత్రి గుడారంలో ఇరవై మంది గురకలు. ఒళ్లు నొప్పులకు నిద్ర రాలేదో, గురకలకు రాలేదో.

ఆదివారం రెండు దారులు. హైవే పక్కనుంచి వెళ్లేది సులువు. బ్యూషర్, బ్యాస్ట్రాప్ పార్కుల మధ్య నుంచి వెళ్లేది నిటారు. ఎలాగూ వచ్చాం కదా అని పార్కు దారి పట్టాను. దాదాపు పన్నెండు మైళ్లు, రోలర్ కోస్టర్ లాంటి రోడ్డు. తూర్పు టెక్సాస్ పైన్ అడవికి ఎంతో దూరంగా, ఒంటరిగా ఉండే ఈ పైన్లని లాస్ట్ పైన్స్ అంటారు. 2011లో పెద్ద కార్చిచ్చు వచ్చి బ్యాస్ట్రాప్ వైపు 1,600కు పైగా ఇళ్లు, ఈ అడవిలో చాలా భాగం కాలిపోయాయి. ఏడేళ్లయినా మాడిన మోళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్లలో నా భుజం ఎత్తు పిల్ల పైన్లు. ఎక్కలేక ఆగినప్పుడల్లా వాటినే చూశాను. అంటే చాలాసేపే చూశాను.

ఒకచోట దిగి సైకిల్ నెట్టుకుంటున్నాను. సిగ్గేం లేదు, ముందు నలుగురు, వెనక ఆరుగురు నెడుతున్నారు. అప్పుడో కుర్రాడు పక్కనుంచి తొక్కుకుంటూ, రొప్పుతూ, అచ్చ తెలుగులో:

“ఎవరన్నా ఆ చెలి? ఇంట్ల తెల్సా?”

నాకర్థమయ్యేలోపే ఎత్తెక్కి పోయాడు. వరంగల్ వైపు కుర్రాడిలా ఉన్నాడు. పైకి చేరాక ఓ విడిదిలో కాగితం విప్పి చూశాను. నిన్నటి నుంచి విడిది విడిదికీ వాలంటీర్లు మెడ మీద ఐసు నీళ్లు పిండుతున్నారు కదా, అవి కారి కారి స్కెచ్ పెన్ను రంగు కింద భాగమంతా కొట్టుకుపోయింది. లకారం కింద ఒత్తు మాయం. ‘మా చెలి’ అని టెక్సాస్ అంతా ఊరేగాను.

ఆస్టిన్లో రాష్ట్ర క్యాపిటల్ గోపురం కనబడ్డాక చివరి మైలు ఎలా తొక్కానో గుర్తులేదు. రెండు పక్కలా జనం గంటలు వాయిస్తున్నారు. మా ఆవిడా, అమ్మాయీ అట్ట మీద ఏదో రాసి ఊపుతున్నారు. ఐసు గుడ్డ ఆవిడ కోసం కాసేపు చూశాను, కనబడలేదు. మెడలో పతకం వేశారు, నీడ చూసుకుని గడ్డి మీద పడుకుండిపోయాను.

అప్పుడు తెనాలిలో రాత్రి పదకొండున్నర. చెల్లి మెలకువగానే ఉంది. కరెంటు పోయి వచ్చిందట. వేసవిలో తన మొదటి టెన్షన్ ఎప్పుడూ ఫ్రిజ్ గురించే, ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు అందులోనే ఉండాలి మరి. జబ్బు నయం కాదు, దాడులు తగ్గుతాయి. మొదటిసారి ఇలాంటి మందు వచ్చిందే 1993లో, అంతకుముందు ఇదీ లేదు.

“కాళ్లెలా ఉన్నాయి?” అంది.

“తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి.”

“ఓహో, మా సంఘంలోకి స్వాగతం” అని నవ్వింది. “చీటీ చూపించు. వీపు మీద రాశానన్నావుగా.”

వీడియోలో పట్టుకున్నాను. కాసేపు కళ్లు చికిలించి చూసింది. తన కన్ను మసకేసిందేమోనని అనుకుని ఉంటుంది. తర్వాత ఒకటే నవ్వు, పక్క గదిలో పిన్ని లేచేంత.

“వదిన చూసిందా?”

“ఇంకా లేదు.”

“చింపెయ్యకు. ముందు ఆవిడకి చూపించు, నేను లైన్లోనే ఉంటా.” నవ్వు ఆపుకుని, కళ్లు తుడుచుకుని, ఫోన్ని ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. “వచ్చే ఏడు తొక్కితే నా పేరే రాసుకో అన్నయ్యా. అందులో ఒత్తుల్లేవు.”