తుక్కుగూడ అవతల, కోన్ల మధ్య కొత్త వర్టస్

కొత్త కారుకి మొదటి 1500 కిలోమీటర్లు ఇంజన్‌ని మెల్లగా అలవాటు చేయాలంటారు. ఎవరు పాటిస్తారో తెలీదు గానీ నేను మాత్రం బుద్ధిగా పాటించాను. పాటించక చేసేదేముంది, ఉండేది హైదరాబాద్ కొండాపూర్‌లో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 లీటర్ల టర్బో పెట్రోలు, 150 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ ఏరికోరి కొనుక్కుని బొటానికల్ గార్డెన్ దగ్గర ఫస్టు గేరు, సెకండు గేరు, క్లచ్, బ్రేకు, మళ్లీ ఫస్టు. ఈ ఇంజన్‌లో ఒక ఏర్పాటుంది, కాలు తేలిగ్గా పెట్టి పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండు వాటంతటవే పని మానేస్తాయి, పెట్రోలు ఆదా అవుతుంది. మంచిదే. కానీ రెండు సిలిండర్లతో గడిచిపోయే ఊళ్లో నాలుగింటికి ఈఎంఐ ఎందుకు కడుతున్నట్టు?

ఔటర్ రింగ్ రోడ్డు, ఓఆర్ఆర్ ఉందిగా అంటారు. ఉంది, 158 కిలోమీటర్ల రింగు, లిమిట్ 120. అక్కడ చేసేదల్లా ఒక లేన్ పట్టుకుని నేరుగా పోవడం, అది ఏ కారైనా పోతుంది. రాత్రిళ్లు నాలెడ్జ్ సిటీ వైపు సైలెన్సర్లు మార్చి చక్కర్లు కొట్టే బ్యాచ్‌ల సంగతి నాకొద్దు. పబ్లిక్ రోడ్డు మీద రేసులకి మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ ఉండనే ఉంది, అంతకంటే ముందు పక్కన స్కూటీ మీద పోయే మనిషి ప్రాణం ఉంది. అసలు ట్రాకు మీదే నడపాలంటే చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు పోవాలి, ఆరొందల కిలోమీటర్ల పైమాటే. మన ఊళ్లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది, ఫ్రాన్స్ నుంచి వచ్చిన వెర్న్ గెలిచాడు, మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అంతటితో ఆ ముచ్చట అయిపోయింది.

ఆటోక్రాస్ మాట ఎత్తింది మా బామ్మర్ది. పెద్ద ఖాళీ జాగాలో కోన్లు పెట్టి మెలికల దారి గీస్తారు, ఒకసారికి ఒక్క కారే పోతుంది, పక్కన ఇంకో బండి ఉండదు, గడియారంతోనే పోటీ. కోన్ పడిపోయినా, చుట్టూ గీసిన సుద్దగీత దాటి జరిగినా రెండు సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. మన దేశంలో ఆటోక్రాస్ అంటే చాలాచోట్ల మట్టిలో పెడతారు గానీ ఇది కాంక్రీటు మీద, ఊళ్లో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు కలిసి పెట్టుకుంటున్నది, కప్పులూ పతకాలూ లేవు. "బావా, మీ బండి సొంత కారే, లైసెన్సు ఉంది, హెల్మెట్ నాది ఇస్తా. ఇంకేం కావాలి" అన్నాడు.

ఇంకో సంగతి చూసుకోవాలి, చాలామంది చూసుకోరు. మన కారు ఇన్సూరెన్స్ పాలసీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వాడితే కవర్ లేదని. అంటే ఆ యార్డులో దేనికి గుద్దినా బిల్లు మనదే. అందుకే నిర్వాహకులు దారిని గోడలకీ స్తంభాలకీ బాగా దూరంగా గీస్తారు, జారితే జారడానికి చోటుండాలని. ఈ మాట నాన్నగారితో అనలేదు. పెద్దమ్మ గుడిలో పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు ఆయనే స్వయంగా పెట్టిన బండి అది. డ్రైవింగ్ ట్రైనింగ్ అని చెప్పాను, తర్వాత చూస్తే అది అబద్ధమేమీ కాలేదు.

ఆదివారం తెల్లవారకముందే నానక్‌రామ్‌గూడ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాం. జనవరి చలి, అద్దాల మీద మంచు, హిమాయత్ సాగర్ దగ్గరికి వచ్చేసరికి నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి, బామ్మర్ది ఫొటో తీద్దాం ఆపమన్నాడు, ఓఆర్ఆర్ మీద ఆపకూడదురా అన్నాను, అలిగాడు. శంషాబాద్ దాటాక విమానం ఒకటి మా నెత్తి మీదుగా దిగింది. తుక్కుగూడ ఎగ్జిట్‌లో దిగి, శ్రీశైలం హైవే మీద కొంత పోయి, ఒక బండి దగ్గర వేడి ఇడ్లీ తిని (చట్నీలో కారం కాస్త ఎక్కువైంది, చలికి అదే బాగుంది), లోపలి రోడ్డు పట్టుకుంటే కంటైనర్లు పెట్టుకునే ప్రైవేటు యార్డు. ఆదివారం ఖాళీ. నేలంతా గరుకు కాంక్రీటు, అక్కడక్కడా పాత ఆయిల్ మరకలు, వాటి మీద ఎవరో రంపపు పొట్టు చల్లుతున్నారు.

ముందు చెకింగ్. ఇద్దరు కుర్రాళ్లు బానెట్ ఎత్తి బ్యాటరీ కదులుతుందేమో ఊపి చూశారు, వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో ఒక్కోటీ చూశారు, బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకున్నారు. తర్వాత కార్లో వదులుగా ఉన్నవన్నీ దించమన్నారు. మ్యాట్లు, నీళ్ల బాటిల్, డోర్‌లో ఫాస్టాగ్ రసీదులు, డిక్కీలో మా ఆవిడ మర్చిపోయిన రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్, జాకీ. చివరికి కుర్రాడి చూపు డ్యాష్‌బోర్డు మీదికి పోయింది. అక్కడ ఇత్తడి వినాయకుడు, డబుల్ టేప్ మీద కూర్చుని. వాడు చెప్పులు పక్కన విప్పి, రెండు చేతులతో మెల్లగా ఊడదీసి, "సార్, స్వామిని మీ బ్యాగులో పెట్టుకోండి, టర్నింగులో ఎగిరితే మొహానికే తగుల్తది" అన్నాడు. టేప్ జిగురు అలాగే ఉండిపోయింది, దాని చుట్టూ పూజ నాటి కుంకుమ.

టైర్లలో గాలి కూడా పెంచారు. మామూలుగా 32 దగ్గర ఉంచేది, ముందు చక్రాలకి 38 కొట్టించారు. మలుపులో బరువంతా బయటి వైపు ముందు టైరు మీద పడుతుంది, గాలి తక్కువుంటే టైరు ఒరిగి పక్కగోడ మీద నడుస్తుంది. అది తెలుసుకోవడానికి చాక్‌పీసుతో టైరు అంచు మీద గీత గీస్తారు, రన్ అయ్యాక సుద్ద ఎంతవరకు చెరిగిందో చూస్తే ఎంత ఒరిగిందో తెలుస్తుంది. టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తుంటుంది, అది దాటి చెరగకూడదట. ఇన్నేళ్లు కార్లు నడిపినా ఆ త్రికోణాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత దారంతా కాలినడకన. నాకు ఈ రోజంతటిలో నచ్చిన భాగం ఇదేనేమో. నిలబెట్టిన కోన్ పక్కన పడుకోబెట్టిన కోన్ ఉంటుంది, దాని మొన ఎటుంటే అటునుంచి పోవాలి. వరసగా కోన్ల మధ్య పాములా పోయే స్లాలమ్ ఒకటి, తర్వాత పొడుగాటి వంపు, చివర్లో వెనక్కి తిరిగే హెయిర్‌పిన్, అక్కణ్నుంచి కారు ఆపాల్సిన గడి. నడుస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంది. అక్కడున్న వాళ్లలో పెద్దాయన ఒకరు, నెరిసిన గడ్డం, నడుస్తూనే మోకాళ్ల మీద కూర్చున్నారు. "కార్లో మీ కళ్లు ఈ ఎత్తులో ఉంటాయి. ఇప్పుడు చూడండి." కూర్చుని చూస్తే దారి మాయం. నారింజ రంగు కోన్ల గుంపు తప్ప ఏమీ కనపడలేదు.

ఆయనే నా పక్క సీట్లో కూర్చున్నారు. మొట్టమొదట సీటు ముందుకి జరిపించారు, వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. మన ఊళ్లో సగం మంది వాలుకుర్చీలో పడుకున్నట్టు నడుపుతారు, నేనూ ఆ సగంలోనే. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేద్దామా అని అడిగితే నవ్వి, "ముందు మీ కాలు కంట్రోల్ చూద్దాం" అన్నారు.

జెండా ఊపారు. సెకండ్ గేర్‌లో పడ్డాక ఇక మార్చే పని లేదు, దారంతా దానితోనే. వేగం 60 దాటిందో లేదో, చూసే తీరిక ఎవరికుంది. స్లాలమ్‌లో మొదటి రెండు కోన్లు బాగానే తప్పించాను, మూడోదానికి ఆలస్యం, నాలుగోదానికి ఇంకా ఆలస్యం, ఆ పొడుగాటి వంపులో స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు తిరగదు, టైర్లు కీచుమని ఏడుస్తాయి, కారు దాని మానాన అది బయటికి పోతూనే ఉంటుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, తిప్పేదీ లాగేదీ ఆ రెండు చక్రాలే. టైరు పట్టు నెలజీతం లాంటిది, యాక్సిలరేటర్‌కి ఎంత ఖర్చు పెడితే స్టీరింగ్‌కి అంత తక్కువ మిగులుతుంది. "కాలు తీయండి" అన్నారు పెద్దాయన. తీశాను. బరువు ముందుకి వాలి ముక్కు టక్కున లోపలికి తిరిగింది. అలా తిరుగుతుందని పుస్తకాల్లో చదివాను, ఒంటికి తెలియడం మాత్రం అదే మొదలు. హెయిర్‌పిన్‌లో ఇంకో తమాషా. ఈ ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, 250 ఎన్ఎం, అది పూర్తిగా అందేది 1600 ఆర్పీఎం నుంచి. అక్కడ వేగం బాగా తగ్గి సూది అంతకన్నా కిందికి పోయింది, బయటికి వస్తూ తొక్కితే కాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా అంతా వచ్చింది. 58 సెకన్ల చిల్లర, పడిన కోన్లకి ఇంకో నాలుగు.

బయటికొచ్చి నీళ్లు తాగుతుంటే చేతులు వణుకుతున్నాయి. 60 స్పీడుకి! ఓఆర్ఆర్ మీద 120లో పాటలు వింటూ పోయేవాణ్ని.

ఆ రోజు అందరికంటే ఫాస్టుగా పోయింది ఏ జర్మన్ కారో కాదు, పాత పెట్రోల్ స్విఫ్ట్. బంపర్‌కి సొట్ట, ఏసీ పని చేయదట. నడిపే ఆవిడకి నలభై దాటి ఉంటాయి, సైనిక్‌పురి నుంచి వచ్చారు, ఆమె టైము 46. కొత్తవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పుతారు, నన్నూ రమ్మన్నారు. నేను దారి చూద్దామని కూర్చుని ఆమె మొహం చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే ఆమె ముందుకి చూడట్లేదు. స్లాలమ్‌లో ఒక కోన్ పక్కన ఉండగా ఆమె చూపు దాని తర్వాతి తర్వాతి కోన్ మీద ఉంది. హెయిర్‌పిన్ దగ్గరైతే బ్రేకు మీద ఉండగానే గడ్డం పూర్తిగా భుజం మీదికి తిప్పి, ముందు అద్దంలోంచి కాదు, డ్రైవర్ డోర్ కిటికీలోంచి చూస్తున్నారు. ముందు తల తిరిగింది, ఆ తర్వాత చేతులు, ఆ తర్వాత కారు. చేతులకి తొందరే లేదు.

"మీరు బంపర్ ముందు చూస్తున్నారండీ" అన్నారు దిగాక. "మీ తప్పు కాదు, మన రోడ్లు నేర్పించిందదే."

నిజమే. హైదరాబాద్‌లో బండి నడిపేవాడి చూపు ఎప్పుడూ ముందున్న పది అడుగుల్లోనే ఉంటుంది. గుంత, రంగు వేయని స్పీడ్ బ్రేకర్, రాంగ్ సైడులో వచ్చే బైకు, ఉన్నట్టుండి ఆగే షేర్ ఆటో, రోడ్డు మధ్యలో నింపాదిగా కూర్చున్న గేదె. ఆ పది అడుగుల్లో జరిగేదానికి బ్రేకు మీద కాలు పెట్టి సిద్ధంగా ఉండటమే మనకి డ్రైవింగ్. దూరంగా చూస్తూ నడిపితే ఇక్కడ వారం తిరక్కుండా ఎవణ్నో గుద్దుతాం. ఇన్నేళ్లలో కంటికి ఒంటబట్టిన ఆ అలవాటే కోన్ల మధ్య అడ్డం పడుతోంది, కారు కాదు. నేను ఇంటి దగ్గర కూర్చుని ఏ టైర్లు మార్చాలి, స్ప్రింగులు ఎంత కిందికి దించాలి అని లెక్కలేస్తూ ఉన్నాను.

మధ్యాహ్నానికి ముందు మళ్లీ వంతు వచ్చింది. ఈసారి పక్కన బామ్మర్ది, వాడికి ఒకటే పని, "దూరం, దూరం" అని అరవడం. కళ్లని బలవంతంగా పైకి లాగాల్సి వచ్చింది. పక్కనున్న కోన్‌ని చూడకుండా వదిలేయడం ఎంత భయమో చెప్పలేను, దాన్ని చూస్తుంటేనే తప్పించగలం అని ఒంట్లో ప్రతి నరం చెబుతుంది. కానీ రెండు కోన్ల అవతల చూపు పెడితే స్టీరింగ్ చిన్నగా, ముందుగా తిరుగుతోంది, టైర్ల అరుపు తగ్గింది, ఆ వంపులో కాలు ఎప్పుడు తీయాలో అడక్కుండానే తెలిసింది. తక్కువ కష్టపడినట్టు అనిపించింది, టైము చూస్తే 52. ఒక్క కోన్ కూడా పడలేదు. బామ్మర్ది గొంతు మాత్రం పోయింది.

తిరుగు ప్రయాణంలో వాడికి బిర్యానీ కావాలన్నాడు, అందుకని ఓఆర్ఆర్ ఎక్కకుండా పహాడీ షరీఫ్ మీదుగా చాంద్రాయణగుట్ట వైపు తిప్పాను. అక్కడ ట్రాఫిక్ గురించి చెప్పేదేముంది. రెండు కార్ల అవతల చూద్దామని చూపు పైకెత్తానో లేదో, ఎడమ నుంచి ఆటో ఒకటి ముక్కు దూర్చింది, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ టకటకమంది. అన్నం తినేదాకా పాత పద్ధతే నయం అనుకున్నాను. సీటు మాత్రం వెనక్కి జరపలేదు, మణికట్టు స్టీరింగ్ మీద పడేలాగే ఉంచాను, భుజాల నొప్పి తగ్గింది కూడా.

ఇంటికొచ్చాక టైర్లు చూసుకున్నాను. ముందు రెండింటికీ సుద్ద త్రికోణాన్ని కాస్త దాటి చెరిగింది, బయటి అంచు మీద రబ్బరు నలిగి రవ్వలు రవ్వలుగా లేచింది. అంటే 38 కూడా చాలలేదు, ఈసారి 40తో మొదలుపెట్టాలి, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాలి. నాన్నగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడేడీ అన్నారు. బ్యాగులో ఉన్నాడు, కందిపప్పు పక్కన.