తీసేసిన వరుస

నా ఆన్‌లైన్ క్లాసులో ఒక విద్యార్థుల టీమ్‌కి, ఒక విందు తర్వాత జబ్బుపడ్డవాళ్ల కేసు జాబితా ఇచ్చాను. అందులో 75 మంది ఉన్నారు. ఆ టీమ్ షీట్‌లో 74 మందే కనిపించారు. రెండుసార్లు లెక్కపెట్టాను.

షీట్‌లో మార్పుల చరిత్ర తెరిచి చూశాను. రాత్రి 11:42కి ఒక వరుస డిలీట్ అయింది. పక్కన చిన్న కామెంట్: "టైమ్ తప్పుగా పడినట్టుంది."

ఆన్‌లైన్‌లో ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో వెతికే శాస్త్రం) చెప్పడం మొదలుపెట్టినప్పుడు స్లైడ్లు పెట్టి గంటన్నర మాట్లాడేదాన్ని. కెమెరాలన్నీ ఆఫ్. "అర్థమైందా?" అంటే చాట్‌లో వరసగా "ఎస్ మేడమ్" అని పడేవి. పరీక్షలో రిలేటివ్ రిస్క్ ఫార్ములా అందరూ రాశారు, అంటే ఒకటి తిన్నవాళ్లకు తిననివాళ్లకంటే జబ్బు వచ్చే అవకాశం ఎన్ని రెట్లో చెప్పే లెక్క. ఆ వచ్చిన అంకె ఏం చెబుతోందో రాసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఆ పేపర్లు దిద్దిన రోజు నిజంగా బాధేసింది. తర్వాతి టర్మ్ నుంచి పాఠం తగ్గించేశాను. అయిదుగురికో టీమ్, నాలుగు వారాలు, ఒకే ఒక్క అవుట్‌బ్రేక్, అంటే ఒకచోట ఒక్కసారిగా చాలామంది జబ్బుపడిన సంఘటన.

అది ఈ సబ్జెక్టు చెప్పేవాళ్లలో చాలామందికి తెలిసిన కేసే. 1940 ఏప్రిల్ 18న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఓస్వీగో కౌంటీలో ఒక చర్చి విందు జరిగింది. వచ్చిన 80 మందిలో 75 మందిని విచారించారు. వాళ్లలో 46 మంది జబ్బుపడ్డారు. ఎవరికి ఎప్పుడు మొదలైంది, ఎవరు ఏ వంటకం తిన్నారు, అంతా వరుసలుగా ఉంటుంది. నేను ఆ కౌంటీ హెల్త్ ఆఫీసర్‌గా కూర్చుంటాను. ఎవరు ఎన్నింటికి తిన్నారన్న కాలమ్ మాత్రం దాచేస్తాను. ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో రాసి అడిగితేనే ఇస్తాను.

మొదటి వారం పని కేస్ డెఫినిషన్, అంటే ఎవరిని రోగిగా లెక్కవేయాలో తేల్చుకోవడం. వరుస తీసేసిన టీమ్ ఇలా రాసుకుంది: "విందులో భోజనం చేశాక వాంతులు గానీ విరేచనాలు గానీ మొదలైనవారు." చూడ్డానికి బాగానే ఉంది. కానీ విందు మొదలైంది సాయంత్రం ఆరుకి. జాబితాలో ఒక పిల్లవాడికి మాత్రం ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే జబ్బు మొదలైంది. ఎపిడెమిక్ కర్వ్, అంటే ఏ టైమ్‌కి ఎంతమంది జబ్బుపడ్డారో చూపే గ్రాఫ్ గీస్తే అందరికంటే ఎడమగా, ఒంటరిగా ఒక్క గడి. అది వీళ్ల డెఫినిషన్‌లో పట్టలేదు, గ్రాఫ్‌లోనూ అందంగా లేదు. అందుకే తీసేశారు.

కాల్‌లో తప్పని చెప్పలేదు. "మీ లెక్కలో జబ్బుపడినవాళ్లు ఎంతమంది?" అన్నాను.

"నలభై అయిదు మేడమ్."

"తీసేసిన ఆ బాబు మీ ముందు కూర్చుని ఉంటే ఏం అడిగేవాళ్లు?"

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి మైక్ ఆన్ చేసింది. అప్పటిదాకా తన గొంతు నేను వినలేదు. "పొద్దున్నుంచి ఏమేం తిన్నాడో అడుగుతాం మేడమ్."

"అయితే అడుగమ్మా, రాసి పంపు."

పంపింది. నేను జవాబిచ్చాను: ఆ పిల్లవాడు ఉదయం 11 గంటలకే వెనీలా ఐస్‌క్రీమ్ తిన్నాడు.

పదకొండు నుంచి మూడు. నాలుగు గంటలు. తిన్న టైమ్ తెలిసిన మిగతావాళ్లకు లెక్కవేసుకుంటే సగటు కూడా దాదాపు అంతే వచ్చింది. తిన్నవాళ్లలో, తిననివాళ్లలో ఎంతమంది జబ్బుపడ్డారో పోల్చే 2×2 పట్టిక ఇంకా వేయకముందే ఆ అయిదుగురికీ దారి దొరికింది. ఎర్రర్ అనుకుని తీసేసిన పిల్లవాడే ఆ దారి చూపించాడు. వరుస వెనక్కి తెచ్చి దానికి పసుపు రంగు వేశారు. డెఫినిషన్ కూడా తిరగరాశారు.

కలరా నీళ్ల ద్వారా వస్తుందని చూపించిన లండన్ డాక్టర్ జాన్ స్నో కథ ఒకప్పుడు మొదటి క్లాసులోనే చెప్పేసేదాన్ని. ఇప్పుడు ఇలాంటి రోజు కోసం దాచుకుంటాను. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కలరా. అక్కడికి దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు చనిపోయింది. ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ కలరా లేదు. మ్యాప్ మీద చూస్తే ఆ చుక్క అక్కడ ఉండకూడదు. స్నో వదల్లేదు, ఆరా తీశాడు. ఆవిడకు ఆ పంపు నీళ్లంటే ఇష్టమట, రోజూ తెప్పించుకుని తాగేది. పంపుకి దగ్గర్లోని బీరు ఫ్యాక్టరీ పనివాళ్లు బతికిపోవడం దీనికి అటువైపు సంగతి. వాళ్లు ఆ నీళ్లు తాగేవాళ్లు కాదు. వరుస తీసేసిన టీమ్ ఈ కథ విన్న తీరు వేరు. స్లైడ్ల రోజుల్లో ఎవరూ అలా వినలేదు.

మూడో వారం పట్టికలు. వెనీలా తిన్న 54 మందిలో 43 మంది జబ్బుపడ్డారు. తినని 21 మందిలో ముగ్గురు. 80 శాతం ఒకవైపు, 14 శాతం ఒకవైపు, రిలేటివ్ రిస్క్ 5.6. ఇంకో టీమ్ చాక్లెట్ ఐస్‌క్రీమ్ దగ్గర ఆగిపోయింది. తిన్నవాళ్లలో 53 శాతమే జబ్బుపడ్డారు, తిననివాళ్లలో 74 శాతం. "చాక్లెట్ కాపాడుతోంది మేడమ్" అని సంబరంగా రాశారు. చాక్లెట్ తిననివాళ్లు బదులుగా ఏం తిన్నారో చూడమన్నాను. అరగంటలో వాళ్లే తేల్చారు, చాక్లెట్ తీసుకున్నవాళ్లు వెనీలా జోలికి తక్కువ వెళ్లారని. ఒకదాని ప్రభావం ఇంకోదానిదిలా కనిపించడాన్ని కన్‌ఫౌండింగ్ అంటారు. ఆ మాట నేను ఆ తర్వాతే చెప్పాను.

మార్కుల్లో సగం నిర్ణయాల డైరీకి ఇస్తాను. ఏ రోజు ఏది మార్చారు, ఎందుకు మార్చారు, అన్నీ అందులో రాయాలి. వరుస తీసేసిన టీమ్ ఆ సంగతి దాచకుండా రాసింది, 11:42తో సహా. ఆ పేజీకి పూర్తి మార్కులు వేశాను.

నివేదిక ఇచ్చాక కూడా ఆ అమ్మాయి ఇంకో మెసేజ్ పెట్టింది. "మేడమ్, వెనీలా తినకుండా జబ్బుపడిన ఆ ముగ్గురి సంగతేంటి?" తిన్నది మర్చిపోయి ఉండొచ్చు, గరిటె కలిసి ఉండొచ్చు, వేరే కారణంతో పడి ఉండొచ్చు. రికార్డులో అంతకుమించి లేదని చెప్పాను. మర్నాడు చూస్తే షీట్‌లో ఆ మూడు వరుసలకీ పసుపు రంగు ఉంది.