రేపటికి ఖాళీ అయ్యే బెడ్డు

కరోనా తగ్గాక నన్ను పలకరించిన వాళ్ళందరూ ముందు అడిగింది ఒకటే, "ఎక్కడ అంటుకుంది మేడమ్?" అని. ఎన్నికల డ్యూటీలోనా, బజార్లోనా, ఎవరింటికైనా వెళ్ళారా? నేనేదో నేరం చేసినట్టు ఆరా తీసేవాళ్ళు. 2021 ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికలకు పోలింగ్ డ్యూటీ చేసిన మాట నిజమే. కానీ నాకు జ్వరం వచ్చింది మే మొదట్లో. ఎట్లా లెక్కేసినా కలవదు. అయినా ఎక్కడ అంటుకుందో తెలిస్తే ఎవరికేం ఒరుగుతుంది?

జ్వరం, డోలో, టెస్టు, స్కాను, ఇవన్నీ ఆ నెలలో ప్రతి ఇంట్లో జరిగినవే. స్కానులో నా ఊపిరితిత్తుల స్కోరు 25కి 14. ఆక్సిజన్ 87కి దిగాక మా ఆయన ఒంగోల్లో తెలిసిన వాళ్ళకల్లా ఫోన్లు చేసి, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బెడ్ సంపాదించారు. అడ్వాన్సు మొత్తం నోట్లుగానే కట్టమన్నారు. మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ మొదలయ్యే రోజులు. ఆ డబ్బు ఎవరెవరి దగ్గర తెచ్చారో నాకింకా పూర్తిగా చెప్పలేదు.

మే 10 సాయంత్రం డాక్టరుగారు రౌండ్లకు వచ్చారు. నా కేసు షీటు చూసి, నాకు ఇటు వీపు పెట్టి, సిస్టర్‌తో అన్నారు: "ఈ బెడ్డు రేపటికి ఖాళీ అవుతుందిలే. ఫోన్ చేసినవాళ్ళకి ఆ మాట చెప్పు."

ఖాళీ ఎట్లా అవుతుంది? ఇంటికి పంపిస్తారా, ఇంకోచోటికి పంపిస్తారా? మాస్కు తీసి అడుగుదామంటే దగ్గు. ఆయన పక్క బెడ్డుకి వెళ్ళిపోయారు. అప్పటికి నాకు నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ పెట్టి ఉంది. పది లీటర్ల మీద ఉన్న మనిషిని రేపు డిశ్చార్జి చెయ్యరని నాకూ తెలుసు.

ఆ రాత్రే తిరుపతి రుయా ఆస్పత్రి వార్త వచ్చింది. ఆక్సిజన్ సరఫరా కాసేపు ఆగి 11 మంది పోయారని. మాకెవరూ చెప్పలేదు. ఎవరి ఫోన్లోనో టీవీ వార్తలు గట్టిగా మోగాయి, అంతే. వార్డంతా విన్నది. మా మంచాల తలాపున గోడకు ఆక్సిజన్ మీటరు, దాని కింద నీళ్ళ సీసా. ఆక్సిజన్ వస్తున్నంతసేపూ ఆ సీసాలో బుడగలు వస్తుంటాయి. కనిగిరి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ తన మంచం మీద వెనక్కి తిరిగి కూర్చుని ఆ బుడగలనే చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి అందరం అట్లాగే కూర్చున్నాం, బోర్లా పడుకోవాల్సిన వాళ్ళతో సహా. తెల్లవారుజామున సిలిండర్లు మార్చేటప్పుడు నా సీసాలో బుడగలు ఆగాయి. ఎంతసేపు ఆగాయో తెలీదు. వరండాలో సిలిండర్ దొర్లిస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది. నాకు మాత్రం మా అమ్మాయి ఇంటర్ ఫీజు రసీదు ఎక్కడ పెట్టానో ఆయనకు చెప్పలేదన్న సంగతి గుర్తొచ్చింది. దేవుడు గుర్తుకు రాలేదు.

ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. నిలువెల్లా ప్లాస్టిక్ సూటు. "అమ్మా, అటు చూడమాకండి. నా మొహం చూడండి" అన్నాడు. మొహం ఎక్కడ కనపడుతుంది నాయనా! కళ్ళద్దాల మీద కూడా ఆవిరి. బుడగలు మళ్ళీ మొదలయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు. తర్వాత రెవ్యూకి వెళ్ళినప్పుడల్లా అతని గురించి అడిగాను. ఆ నెలల కోసం తీసుకున్న పిల్లలు చాలామంది మానేశారన్నారు. ఎదురుపడినా నేను గుర్తుపట్టలేను. గొంతు వింటే పడతానేమో.

తెల్లారాక నా బెడ్డు ఖాళీ కాలేదు. ఎదురుగా ఉన్నామెది ఖాళీ అయింది. డాక్టరుగారు నా షీటే అనుకుని ఆమెది చూశారో, ఆమెదే అనుకుని నాది చూశారో నేను ఊహించలేను.

ఇంటికొచ్చాక మేడ మీద గది నాది. అత్తయ్యగారికి 78 ఏళ్ళు, భయపడ్డారంటే అర్థముంది. అయినా రోజూ మెట్ల మొదట్లో నిలబడి "తిన్నావా అమ్మాయ్?" అని కేకేసేవారు. మా తోడికోడలికి ఏ వయసూ లేదు, ఏ జబ్బూ లేదు. "అక్కా, నువ్వు తాకిన గిన్నెలు మాత్రం మళ్ళీ వంటింట్లో కలపొద్దే" అని ఫోన్లో చెప్పింది. ఆ గిన్నెలు ఇప్పటికీ విడిగానే ఉన్నాయి. ఆమె వచ్చినప్పుడల్లా వాటిలోనే వడ్డిస్తున్నాను. మా మరిది నా కోసం కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చే నాటు మందుకని కారేసుకుని వెళ్ళి, అక్కడి జనాన్ని చూసి భయపడి తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో నా కోసం అంత దూరం వెళ్ళినవాడూ ఉన్నాడు, అదీ చెప్పాలి.

వాసన పోయిందని అందరూ రాశారు. నాకు పోయి, తప్పుగా తిరిగొచ్చింది. ఉల్లిపాయ వేగుతుంటే టైరు కాలుతున్న కంపు. కాఫీ కూడా అంతే. నెలల తరబడి పెరుగన్నం, అరటిపండు తిని బతికాను.

బయటకు రావడమంటే అందరూ షికార్లు, సినిమాలు అనుకుంటారు. నాకు ముందు వచ్చినవి పరామర్శలు. మేలో పోయిన మా పెదనాన్నను కడసారి చూడలేదు. మునిసిపాలిటీ వాళ్ళే కానిచ్చారు. వెళ్ళేసరికి పెద్దకర్మ దాటి రెండు నెలలు. ఏడుద్దామంటే పెద్దమ్మకు అప్పటికే ఏడుపు అయిపోయింది. "నువ్వైనా మిగిలావు" అని మజ్జిగ ఇచ్చింది. గ్లాసు నా చేతికే ఇచ్చింది, బల్ల మీద పెట్టి వెనక్కి జరగలేదు. ఆ నెలల్లో నాకు గ్లాసు చేతికిచ్చిన మొదటి మనిషి ఆవిడే.

ఆగస్టు 16న బడులు తెరిచారు. బడులు బాగుచేసే నాడు-నేడు పథకం కింద వేసిన రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. స్టాఫ్ రూములో "మీరు కిటికీ పక్కన కూర్చోండి మేడమ్, గాలి బాగా తగులుతుంది" అన్నారు. గాలి తగలాల్సింది నాకా, నా గాలి బయటకు పోవాలనా? అడగలేదు. మా సోషల్ మాస్టారి కుర్చీ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏడో తరగతిలో హాజరు తీస్తుంటే రెండు పేర్లకే ఆయాసం. పిల్లలు ఓపిగ్గా ఆగారు. ఒకమ్మాయి "మా నాన్నకీ ఇట్లాగే వచ్చేది టీచర్" అంది. వచ్చేది అంది. తర్వాతి పేరు పిలిచాను.

రెవ్యూలో ఒకసారి ధైర్యం చేసి డాక్టరుగారిని అడిగేశాను, ఆ రోజు అట్లా ఎందుకన్నారని. "నేనన్నానా? అయ్యుండొచ్చమ్మా, ఆ వారం ఇంటికి కూడా వెళ్ళలేదు" అన్నారు. కళ్ళ కింద నల్లటి వలయాలు. జాలేసింది. ఫీజు కట్టి బయటికి రాగానే మళ్ళీ కోపమొచ్చింది. ఆయన మందులే నన్ను నిలబెట్టాయి, ఆయన మాటే ఆ రాత్రి నన్ను చంపింది. ఈ రెండూ నాలో ఇంకా రాజీపడలేదు.

స్టెరాయిడ్ వాడినవాళ్ళు తగ్గాక కూడా షుగరు చూపించుకుంటూ ఉండండి, నాకు లేని షుగరు అట్లాగే బయటపడింది. ఊపిరితిత్తుల వ్యాయామానికిచ్చే మూడు బంతుల స్పైరోమీటరు పిల్లలాట కాదు, పొద్దున సాయంత్రం ఊదండి అని కొంతమంది చెబుతారు. ఊదటం కాదు, లోపలికి పీల్చాలి. నాకూ ఈ తేడా ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పేదాకా తెలీదు.

మొక్కు సంగతి మిగిలింది. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా తలనీలాలు ఇప్పిస్తానని మా ఆయన వెంకన్నకు మొక్కుకున్నారట. తన జుట్టు కాదు, నాది! ఆగస్టుకల్లా జుట్టు గుప్పెళ్ళతో ఊడిపోయింది. "స్వామి ముందుగానే తీసుకున్నాడు, మీరు ఇవ్వండి ఇక" అన్నాను. అత్తయ్యగారు నా పక్షం. 2022 వేసవిలో తిరుపతి వెళ్ళాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఇద్దరం నడిచి ఎక్కుదామని ఆయన మొదలుపెట్టారు. మీరు ఎక్కండి, నేను బస్సులో వెళ్ళి కల్యాణకట్ట దగ్గర మీ గుండు కోసం చూస్తుంటానని చెప్పి బస్సెక్కాను.