ఎవరు చెప్పారు, కాగితమేది?

దుబాయ్‌లో, షార్జాలో, అబుధాబీలో బ్లాక్ వర్కో ప్లాస్టరింగో సబ్ కాంట్రాక్టుకి పట్టుకున్న మనవాళ్ళు ఫైనల్ బిల్లు దగ్గర తప్పకుండా వినే ప్రశ్న ఒకటుంది. మెయిన్ కాంట్రాక్టర్ ఆఫీసులో కొలతలూ బిల్లులూ సరిచూసే క్వాంటిటీ సర్వేయర్ మన లిస్టు మీద పెన్సిల్ పెట్టి ఒక్కో లైనూ చూస్తూ అడుగుతాడు: “ఈ గోడ పగలగొట్టి మళ్ళీ కట్టమని ఎవరు చెప్పారు? కాగితమేది?” మనవాడు సైట్ ఇంజనీర్ పేరు చెబుతాడు. ఆ ఇంజనీర్ రాజీనామా చేసి వెళ్ళి నెలలవుతుంది. “నోటి మాట మీద పని చెయ్యకూడదని నీకు తెలీదా?” అని పైనుంచి ఒక చివాటు. లైన్ కొట్టేస్తాడు. గోడ కళ్ళ ముందే ఉంది, కట్టినవాడు ఎదురుగా కూర్చున్నాడు, డబ్బులు మాత్రం లేవు.

ఈ మాట మనకి మామూలుగా కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. “మేస్త్రీ, ఆ కిటికీ కాస్త ఇటు జరుపు, మెట్ల కింద ఒక అల్మారా లేపు, లెక్క తర్వాత చూసుకుందాంలే” అనే పద్ధతిలో సొంతూళ్ళో పని నేర్చుకున్న చేతులు మనవి. అక్కడ లెక్క చూసుకునేవాళ్ళు కూడా. కొంచెం అటూ ఇటూ అయితే నలుగురు కూర్చుని తెగ్గొట్టేవాళ్ళు. అలాంటి చోటు నుంచి వచ్చినవాడిని కాగితమేదని అడిగితే, అబద్ధం చెబుతున్నావా అని అడిగినట్టే వినపడుతుంది. ఆ కోపంలో న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. మాట మీద నిలబడే మనిషిని మాట మీద నిలబడినందుకే నష్టపరిచే ఏర్పాటు గొప్పదేం కాదు.

కానీ మన దగ్గర నోటి మాట ఎందుకు నడిచిందో కూడా ఒప్పుకోవాలి. ఇంటాయనా మేస్త్రీ ఒకే ఊళ్ళో ఉంటారు, రేపు ఎదురుపడాలి. ఇక్కడ రెండేళ్ళ ప్రాజెక్టులో క్లయింట్ తరఫున పని చూసే కన్సల్టెంట్ మనిషి మారతాడు, మెయిన్ కాంట్రాక్టర్ ఇంజనీర్ మారతాడు, బిల్లు చూసే సర్వేయర్ అయితే చివర్లో కొత్తగా వచ్చి కూర్చుంటాడు. ఎవరూ మోసం చెయ్యకపోయినా గుర్తుపెట్టుకునేవాడు మిగలడు. అందుకే ఇక్కడ సబ్ కాంట్రాక్టరు ముందు నేర్చుకోవలసింది తాపీ కాదు, టెండరూ కాదు. పొద్దున విన్న మాటని సాయంత్రానికి రాతలో పెట్టడం.

దీనికి ఒప్పందాల్లోనే దారి ఉంది, మనవాళ్ళలో చాలామంది ఆ పేజీ చదవరు. గల్ఫ్‌లో ఎక్కువగా వాడే ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) షరతుల్లో 1999 రెడ్ బుక్ ప్రకారం, క్లయింట్ తరఫు ఇంజనీర్ నోటితో ఆదేశమిస్తే కాంట్రాక్టర్ రెండు పనిదినాల్లో దాన్ని రాసి పంపాలి. అందిన రెండు పనిదినాల్లో ఇంజనీర్ రాతపూర్వకంగా కాదనకపోతే, మనం పంపిన ఆ రాతే ఆయన ఇచ్చిన లిఖిత ఆదేశం కింద లెక్క. అంతకుముందరి 1987 ఎడిషన్‌లో ఇదే గడువు ఏడేసి రోజులు. అయితే ఇది ఇంజనీర్‌కీ మెయిన్ కాంట్రాక్టర్‌కీ మధ్య మాట. మన సబ్ కాంట్రాక్టులో ఇలాంటి వాక్యం ఉందో లేదో, ఉంటే ఎన్ని రోజులో, ఆదేశమిచ్చే అధికారం ఎవరి పేరున ఉందో సంతకానికి ముందే చూసుకోవాలి. లేకపోతే పెట్టమని అడగాలి. రేటు కోసం రెండు గంటలు బేరమాడేవాళ్ళం ఈ ఒక్క వాక్యం కోసం పది నిమిషాలు బేరమాడం.

రాసేదేమీ పెద్ద ఉత్తరం కానక్కర్లేదు. ఇంత చాలు: “ఈ రోజు ఉదయం 10 గంటలకు, 4వ అంతస్తులో సి-5 గ్రిడ్ దగ్గర, మీ సైట్ ఇంజనీర్ మా ఫోర్‌మన్‌కి చెప్పిన ప్రకారం, ఇదివరకే ఇన్స్పెక్షన్ అయిపోయిన 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గోడను డక్ట్ మార్పు కోసం పగలగొట్టి 300 మిల్లీమీటర్లు జరిపి కడుతున్నాము. పని రేపు ఉదయం మొదలవుతుంది. దీన్ని వేరియేషన్‌గా లెక్కిస్తున్నాము. కాదంటే పని మొదలయ్యేలోపు తెలియజేయగలరు.” తేదీ, చోటు, చెప్పినవారి హోదా, కొలత, కారణం. వేరియేషన్ అంటే ఒప్పందంలో లేని మార్పు పని. ఒప్పందంలో నోటీసులకి ఇచ్చిన ఈమెయిల్ చిరునామాకే పంపాలి. వాట్సాప్‌లో పంపడం మంచిదే, కానీ అదొక్కటే పెట్టుకుని కూర్చోకూడదు. నోటీసు ఫలానా పద్ధతిలోనే ఇవ్వాలని ఒప్పందం చెబితే, వాట్సాప్ చూసి సర్వేయర్ తల అడ్డంగా ఊపుతాడు.

ఆ 18 చదరపు మీటర్ల గోడనే తీసుకోండి. 400 బై 200 బ్లాకు, 10 మిల్లీమీటర్ల జాయింటు అయితే చదరపు మీటరుకి పన్నెండున్నర బ్లాకులు, అంటే 225. ఐదు శాతం వేస్టేజీతో 236 అవుతుంది. బిల్లులో “గోడ మళ్ళీ కట్టాము” అని మాత్రమే రాస్తే, సర్వేయర్ దయ తలిచినా 18 చదరపు మీటర్లకి కాంట్రాక్టు రేటు వేస్తాడు. పగలగొట్టడానికి పట్టిన కూలీ, చెత్త కిందికి దింపడం, చెత్త వేసే స్కిప్పు అద్దె, మచాన్ (పరంజా) మళ్ళీ బిగించడం, ఆ పూట వేరే పని లేక నిలబడ్డ మేస్త్రీల గంటలు, ఇవన్నీ గాలికి పోతాయి. అందుకని అదే రోజు ఒక డే వర్క్ షీటు రాయాలి. మేస్త్రీలు ఎందరు, హెల్పర్లు ఎందరు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ సామాను ఎంత. పక్కన టేపు పెట్టి తీసిన ఫోటోలు, పగలగొట్టకముందు ఒకటి, మధ్యలో ఒకటి, అయ్యాక ఒకటి. షీటు మీద ఇంజనీర్ సంతకం ఆ సాయంత్రమే తీసుకోవాలి. డబ్బు విషయం ఒప్పుకోనంటే “గంటలు, మనుషుల సంఖ్య వరకే” అని రాసి పెట్టమనండి, చాలామంది పెడతారు. వారం పోతే ఎవరూ పెట్టరు.

మన ఫోర్‌మన్ రాయలేడు కదా అంటారు. నిజమే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వచ్చి ఇరవై ఏళ్ళుగా గోడలు లేపుతున్న మనిషి గుండు వెయ్యకుండానే గోడ వాలు చెప్పగలడు. అతను ఇంగ్లీషులో రెండు లైన్లు రాయలేనందుకు అతని పనికి విలువ లేకుండా పోతుంది. ఇది అతని లోపం కాదు, దాన్ని సర్దుకోవలసింది యజమాని. ఫోర్‌మన్ సాయంత్రం ఐదింటికి తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాలి: ఎక్కడ పని జరిగింది, ఎందరు చేశారు, ఎవరు ఏం చెప్పారు, ఎందుకు ఆగింది. ఆఫీసులో ఒక మనిషి దాన్ని ఆ రాత్రికే ఇంగ్లీషు ఈమెయిల్‌గా మార్చాలి. చిన్న కంపెనీ అయినా ఈ మనిషి జీతం దండగ కాదు.

పని ఆగిన సంగతి కూడా ఇలాగే రాయాలి. హాయిస్టు పనిచెయ్యలేదు, బ్లాకులు పైకి రాలేదు, ఎలక్ట్రికల్ వాళ్ళు పైపులు వెయ్యలేదు కాబట్టి ప్లాస్టర్ మొదలవ్వలేదు. ఆలస్యానికి క్లెయిమ్ వెయ్యాలంటే 1999 ఫిడిక్‌లో 28 రోజుల్లోపు నోటీసివ్వాలి, దాటితే హక్కు పోతుంది. సబ్ కాంట్రాక్టుల్లో ఆ గడువు తరచు ఇంకా తక్కువ.

ఇక డబ్బు. పని చక్కగా చేస్తూ, కాగితం మీద లాభంలో ఉంటూనే మూతపడే కంపెనీలు ఇక్కడ ఎలా తయారవుతాయో ఒక లెక్కలో కనిపిస్తుంది. నెలకి లక్ష దిర్హాముల పని చేశారనుకుందాం, ఖర్చు 88 వేలు, లాభం 12 వేలు. బిల్లులో రిటెన్షన్ కింద, అంటే లోపాలు సరిచేస్తామన్న హామీగా, పది శాతం పట్టుకుంటారు. అడ్వాన్సు తీసుకుని ఉంటే దాని రికవరీ ఇంకో పది శాతం. చేతికొచ్చేది 80 వేలు. లాభం ఉన్న పనిలో నెలకి 8 వేలు ఎదురు పెడుతున్నారన్నమాట. అడ్వాన్సు ముందే వచ్చింది కదా అంటే, అది క్యాంపు డిపాజిట్లకీ వీసాలకీ మొదటి నెలలోనే ఖర్చయిపోయి ఉంటుంది. దీనికి ఆలస్యం కలపండి. మెయిన్ కాంట్రాక్టర్‌కే బిల్లు ఇచ్చాక ఇంత చెల్లించాలని ఇంజనీర్ ఇచ్చే సర్టిఫికెట్‌కి 28 రోజులు, డబ్బుకి మొత్తం 56 రోజులు ఫిడిక్ గడువు. మనకి ఆ తర్వాతే. మూడు నెలల ఖర్చు 2,64,000 దిర్హాములు చేతిలో లేకుండా ఆ సైజు పని ఒప్పుకోకూడదు. “క్లయింట్ ఇచ్చాకే నీకు” అనే షరతు ఉంటే ఇంకా ఎక్కువే కావాలి.

ఎందుకంటే జీతాలు ఆగవు. యూఏఈలో 2009లో వచ్చిన వేతన రక్షణ వ్యవస్థలో జీతం బ్యాంకు లేదా ఎక్స్చేంజ్ హౌస్ ద్వారానే వెళ్ళాలి, గడువు దాటితే మంత్రిత్వ శాఖకి దానంతటదే తెలిసిపోతుంది, కొత్త వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇక్కడి కాగితానికి మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను. “వచ్చే నెల కలిపి ఇస్తాలే” అనే మాట మన దగ్గర ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి ఆర్పిందో అందరికీ తెలుసు.

రేటు వేసేటప్పుడు మనిషి ఖరీదు సరిగ్గా కట్టనివాళ్ళే ఎక్కువ. ఏడాదికి వారాంతపు సెలవులు 52 తీస్తే 313 రోజులు. 30 రోజుల వార్షిక సెలవు, పది పన్నెండు పండగ సెలవులు, జ్వరాలు పోగా పనికి దొరికేవి దాదాపు 270. పన్నెండు నెలల జీతం, వీసా, ఇన్సూరెన్సు, క్యాంపు మంచం, బస్సు, విమానం టికెట్టు, ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ, అన్నీ ఆ 270 రోజుల మీదే పడాలి. ఐదేళ్ళు దాటితే ఆ పై ఏళ్ళకి గ్రాట్యుటీ ఏడాదికి 30 రోజులు. ఓవర్‌టైమ్‌కి పాతిక శాతం అదనం, రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్యయితే యాభై. వీసా ఖర్చు కూలీ దగ్గర వసూలు చెయ్యడం చట్టవిరుద్ధం, పాస్‌పోర్టు దాచుకోవడమూ అంతే. మనవాళ్ళే మనవాళ్ళకి ఈ పని చెయ్యడం చూస్తే తల దించుకోవాలనిపిస్తుంది.

వేసవిని రేటులోనే కాదు, పని క్రమంలోనూ పెట్టుకోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. తప్పితే మనిషికి 5,000 దిర్హాములు, ఎక్కువమంది అయితే 50,000 వరకు జరిమానా. ఆ నెలల్లో బయటి ప్లాస్టర్‌ని నీడను బట్టి తిప్పుకోవాలి, పొద్దున పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు. ఎండ పడే గోడ మీద పూస్తే నీరు ముందే ఆవిరై నెర్రెలిస్తుంది, కొట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. బ్లాకు గోడ ఒక్క రోజులో మీటరున్నర దాటి లేపకండి. పైన స్లాబు కింద సందుని మోర్టార్‌తో బిగించెయ్యొద్దు, మెత్తటి ఫిల్లర్ పెట్టాలి. స్లాబు కొద్దిగా కుంగినప్పుడు ఆ బరువు గోడ మీద పడి పగులుతుంది, ఆ పగులు మన ఖాతాలోకే వస్తుంది. కాలమ్‌కీ బ్లాకుకీ కలిసే చోట మెష్ మర్చిపోతే కూడా అదే గతి.

కొలతల్లో ఇంకో ఉచ్చు ఉంది. మన దగ్గర అలవాటైన ఐఎస్ 1200 అనే భారతీయ కొలతల ప్రమాణం ప్రకారం, గోడ రెండు వైపులా ప్లాస్టర్ పూసినా 0.5 నుంచి 3 చదరపు మీటర్ల లోపు తలుపులకి ఒక వైపే తగ్గిస్తారు. ఇక్కడి ఒప్పందం రెండు వైపులా తగ్గించమంటే, 2.1 చదరపు మీటర్ల తలుపులు 50 ఉన్న పనిలో 105 చదరపు మీటర్లు మాయమవుతాయి. రేటు వెయ్యకముందే కొలత పద్ధతి చదవాలి. 5 శాతం వ్యాట్ ఉంది కాబట్టి టాక్స్ ఇన్వాయిస్‌ని కూడా సర్టిఫికెట్ వచ్చాకే ఇవ్వడం మేలు. అడిగిన మొత్తానికి ముందే ఇచ్చేస్తే, రాని డబ్బు మీద పన్ను కట్టి తర్వాత క్రెడిట్ నోట్లు రాసుకుంటూ తిరగాలి.

చివర్లో ఫైనల్ అకౌంట్ మీద సంతకం పెట్టమంటారు. అందులో “ఇక ఎలాంటి బాకీ లేదు” అనే వాక్యం ఉంటుంది. దాని కిందే మిగిలిన రిటెన్షన్ ఎంతో అంకెల్లో, ఏ తేదీకి ఇస్తారో రాయించకుండా పెన్ను తియ్యకండి. సాధారణంగా సగం, భవనాన్ని స్వాధీనం చేసుకున్నట్టు ఇచ్చే టేకింగ్ ఓవర్ సర్టిఫికెట్‌తో, సగం లోపాలు సరిచేసే బాధ్యత ఉండే డిఫెక్ట్స్ కాలం అయ్యాక, అంటే ఎక్కువగా ఏడాదికి వస్తుంది. ఆ సర్టిఫికెట్ కాపీ అప్పుడే అడిగి తీసుకోండి, అది లేకపోతే ఏడాది ఎప్పటినుంచో ఎవరూ చెప్పరు. గడువుకి నెల ముందు సైటుకి ఒక మేస్త్రీని పంపి, ఉన్న పగుళ్ళు సరిచేయించి, అయిపోయిందని బిల్డింగ్ వాళ్ళ సంతకం తీసుకుని, దాన్ని జతచేసి రిటెన్షన్ బిల్లు పంపండి.