ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసుకుంటే

గుండెలోని మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ పెట్టారంటే ఎసిట్రోమ్ జీవితాంతం వేసుకోవాల్సిందే. వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర అది. దాని పని ఎలా ఉందో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది; అంకె పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతున్నట్టు. మాలాంటి వాళ్లకు 2.5 నుంచి 3.5 లోపు ఉండాలి. నాది నిలకడగా 2.8 దగ్గర ఉండేది. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇంట్లో మిగిలి ఉన్న మెట్రోనిడజోల్ 400 అనే యాంటీబయాటిక్ పూటకొకటి చొప్పున పడింది. విరేచనాలు తగ్గాయి గానీ బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. బీపీ చూసిన చోట చెయ్యి నల్లగా కమిలింది. ఐఎన్ఆర్ 8.4 వచ్చింది.

ఎసిట్రోమ్ మోతాదు ఏమీ మారలేదు. దాన్ని ఎప్పటికప్పుడు ఖర్చు చేసేది లివర్‌లోని సీవైపీ 2సీ9 అనే ఎంజైమ్. మెట్రోనిడజోల్ ఆ ఎంజైమ్‌కు అడ్డం పడుతుంది. దాంతో రోజూ సరిపోయే మాత్రే ఒంట్లో పేరుకుపోతుంది. పైగా విరేచనాలప్పుడు తినేది జావ, పెరుగన్నం. తోటకూర, పాలకూర, మునగాకు మానేస్తే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తగ్గి, ఎసిట్రోమ్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది. విరేచనాలకు అందరిళ్లలో ఉండే ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ జంట మాత్రతోనూ ఇదే భయం. తామరకు వాడే ఫ్లూకొనజోల్, యూరిన్ ఇన్ఫెక్షన్‌కు వాడే కోట్రిమోక్సజోల్ కూడా ఐఎన్ఆర్‌ను బాగా ఎగదోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్‌ది ఎదురు దారి: ఐఎన్ఆర్‌ను కిందికి లాగి, వాల్వ్ మీద గడ్డకట్టే ప్రమాదం తెస్తుంది.

ఆసుపత్రిలో ముందు అడిగేవి ఇవి: మలం తారులా నల్లగా వస్తోందా, మూత్రం ఎర్రగా ఉందా, తలనొప్పి ఉందా, తలకు దెబ్బ తగిలిందా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఎమర్జెన్సీ. నాకు అవేవీ లేవు కాబట్టి రెండు మాత్రలూ ఆపి, రోజూ ఐఎన్ఆర్ చూస్తూ, విటమిన్ కె నోటి ద్వారా 1 మి.గ్రా. మాత్రమే ఇచ్చారు. అంత కొంచెమేనా అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. కానీ 10 మి.గ్రా. ఒకేసారి ఇస్తే ఐఎన్ఆర్ మరీ పడిపోతుంది, తర్వాత ఎసిట్రోమ్ వేసినా రోజుల తరబడి పట్టదు. మెటల్ వాల్వ్‌కు అది రక్తస్రావమంత ప్రమాదం. 3.5 లోపుకు దిగాక పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టారు.

కోలుకునేటప్పుడు చాలామంది వదిలేసే మెలిక ఒకటుంది. యాంటీబయాటిక్ ఆగాక ఎంజైమ్ తిరిగి పుంజుకుంటుంది. మధ్యలో ఎసిట్రోమ్ తగ్గించి ఉంటే ఆ తగ్గించిన మోతాదు ఇక చాలదు. అందుకే యాంటీబయాటిక్ తప్పనిసరైతే మొదలుపెట్టిన 3 నుంచి 5 రోజుల్లో ఒకసారి, కోర్సు ముగిసిన వారంలో మరోసారి ఐఎన్ఆర్ చూపించుకోవాలి. చిగుళ్లు మానేదాకా మెత్తటి బ్రష్ వాడాలి. ఇంజెక్షన్ కండకు చేయించుకోకూడదు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. పారాసెటమాల్ మేలు, అదీ వరసగా రోజుకు 2 గ్రాములు దాటితే ఐఎన్ఆర్‌ను పెంచగలదు.

ఎసిట్రోమ్ వాడనివాళ్లకూ ఈ చిక్కు ఉంది. గ్లిమెపిరైడ్ వేసుకునే షుగర్ పేషెంటుకు సిప్రోఫ్లాక్సాసిన్‌తో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కొలెస్ట్రాల్‌కు వేసుకునే అటోర్వాస్టాటిన్ మీద క్లారిత్రోమైసిన్ పడితే కండరాలు దెబ్బతినవచ్చు. డాక్సీసైక్లిన్‌ను ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి మింగితే అది రక్తంలోకే సరిగా ఎక్కదు.

మందుల డబ్బాలో దొరికే స్ట్రిప్ ముక్కలు చూడండి. షాపులో కత్తిరించేటప్పుడు పేరు ఒక ముక్కకు, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కకు పోతుంది. మిగిలే నాలుగైదు మాత్రలు చాలా జబ్బులకు పూర్తి కోర్సు కావు. జలుబు, ఫ్లూ లాంటి వైరస్ జ్వరాలకు యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. స్ట్రిప్ వెనక నిలువు ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. ఎసిట్రోమ్ మోతాదు, ఆఖరి ఐఎన్ఆర్ రాసిన కార్డు పర్సులో ఉంచుకుని, పంటి డాక్టరైనా చర్మం డాక్టరైనా మందు రాయకముందే చూపించాలి.