ఆ ఊదారంగు పువ్వు మాది కాదు

పదకొండున్నర అయింది. ఒకసారి పడుకుని లేచొచ్చాను. ఎందుకు నిద్ర పట్టలేదో చెబితే నవ్వుతారు. ఒక పువ్వు. ఊదారంగు ఆర్కిడ్.

బుజ్జి పెళ్ళిదండ ఇవాళ వచ్చింది. మధ్యాహ్నం నేను కందిపప్పు ఏరుకుంటుంటే కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి "బరువుందాంటీ, రెండు చేతులూ పెట్టండి" అన్నాడు. అట్టపెట్టె, అందులో బుడగల కవరు మూడు చుట్లు, దాని లోపల గాజులా మెరుస్తూ రెజిన్ దిమ్మ. రెజిన్ అంటే పోసాక గట్టిపడే ప్లాస్టిక్‌లాంటి జిగురు, దండలో పువ్వులన్నీ అందులోనే. మా పూజగదిలో పీట ఉంటుందే, ఇంచుమించు అంత. మాఘంలో పంపిస్తే వైశాఖం వెళ్ళిపోతుండగా వచ్చింది. ఎనిమిదిన్నర వేలు, కొరియర్ ఖర్చు అదనం. ఈయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "కాగితాలు ఎగరకుండా పెట్టుకోడానికి బావుంటుంది" అన్నారు. ఆయన్ని పక్కన పెడదాం.

అప్పగింతలప్పుడు అంత ఏడుస్తూ కూడా "అమ్మా, నా దండ పారేయకు" అని చెవిలో చెప్పి మరీ వెళ్ళింది బుజ్జి. అల్లుడిగారి దండ విడిదింట్లో మేకుకి వేలాడుతూ అక్కడే ఉండిపోయింది, దాని గురించి ఎవరూ అడగలేదు. దీన్ని మాత్రం హైదరాబాద్‌లో ఒకమ్మాయి చేస్తుందని బుజ్జే ఫోన్లో వెతికి పట్టుకుంది. ఇలాంటివి చేసే వీడియోలు నేనూ ఓ పాతిక చూసుంటాను. పువ్వుల్ని దండలోంచి విడదీసి, సిలికా జెల్ గుళికల్లో కప్పెట్టి వారం రోజులు ఎండబెడతారు. నీలంగా ఉన్న గుళికలు తడి పీల్చుకునేకొద్దీ గులాబీరంగుకి తిరుగుతాయి. తర్వాత రెజిన్‌నీ దాన్ని గట్టిపరిచే ద్రవాన్నీ రెండు సీసాల్లోంచి కొలిచి కలిపి, అచ్చులో కొంచెం కొంచెంగా పొరలు పొరలుగా పోస్తారు. అంతా ఒకేసారి పోస్తే వేడెక్కిపోతుందట. ఒక పొర గట్టిపడేదాకా ఆగాలి, బుడగలు లేస్తే వేడిగాలి కొట్టాలి. చూస్తుంటే జున్ను పెట్టినట్టే ఉంటుంది.

ఇక వచ్చిందాని సంగతి. ఎర్రగులాబీలు నల్లపూసల రంగుకి వచ్చేశాయి. సరే, గులాబీ ఎండితే అంతే కదా అనుకున్నాను. కనకాంబరాలు నయం, ఇంకా కనకాంబరాల్లానే ఉన్నాయి. మరువం కూడా పరవాలేదు. లిల్లీపూలు మాత్రం టీ డికాషన్‌లో ముంచి తీసినట్టున్నాయి. తెల్లపువ్వు ఒక్కటంటే ఒక్కటి తెల్లగా లేదు. పోనీ అదీ సరిపెట్టుకుందామనుకుంటే, కుడిపక్క మూలన బంగారు రేకు ముక్కల మధ్య దర్జాగా కూర్చునుంది ఆర్కిడ్.

మా దండలో ఆర్కిడ్ లేదు. తెల్లవారుజామున మా మరిదిని లేపి బండి మీద కడియపులంక వెళ్ళి, దగ్గర నిలబడి కట్టించిందాన్ని నేను. అందులో ఏమున్నాయో నాకు తెలీదా?

ఫోన్ చేశాను. "ఫిల్లర్ మేడమ్, ఖాళీగా కనపడకుండా పెడతాం" అంది. ఎవరి పువ్వు అని అడిగాను. "మా దగ్గర ఎండబెట్టినవి ఎప్పుడూ ఉంటాయి మేడమ్" అంది. ఎప్పుడూ ఉంటాయంటే? ఇంకెవరి పెళ్ళిలోనో మిగిలిందా? ఆ పిల్ల పుట్టింట్లో ఇప్పుడు మా లిల్లీపువ్వు కూర్చునుందా? "అందరూ ఇష్టపడతారు మేడమ్, మీరొక్కరే కంప్లెయింట్ చేస్తున్నారు" అంది చివరికి. ఆ మాటకి ఒళ్ళు మండింది. అందరూ ఇష్టపడతారట! పెళ్ళిదండలో పువ్వు పెట్టడానికి ఇదేమన్నా బిర్యానీలో జీడిపప్పా?

అనుమానం ఒకసారి మొదలైతే ఆగదు. ఆర్కిడ్ మాది కానప్పుడు గులాబీలు మావేనని ఏంటి నమ్మకం? ఈయన భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర అరగంట కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది. రెండో వరస గులాబీ తొడిమ కింద దొరికింది, గోరంత ఆకుపచ్చ దారం. దండ సగంలో ఉండగా ఆ కట్టే అబ్బాయికి తెల్లదారం అయిపోయి పక్క కొట్లోంచి ఆకుపచ్చది తెచ్చి ముడేశాడు. "పెళ్ళిదండకి రెండు రంగుల దారమా" అని ఆ రోజు వాడి మీద కూడా కేకలేశాను నేను. ఇవాళ ఆ ముడి చూసి ప్రాణం లేచొచ్చింది.

పువ్వులు దాచుకోవడమంటే నాకు చేతకాదని ఏడేళ్ళప్పుడే తేలిపోయింది. ఎండాకాలం సెలవులు, అమ్మమ్మగారిల్లు. నాకు పూలజడ వేస్తామన్నారు. మధ్యాహ్నం మూడింటికి మొదలెడితే ఐదున్నరకి గానీ అవ్వలేదు. నా పిలక జుట్టుకి సవరం తగిలించారు, అరటిదొప్ప మీద మల్లెమొగ్గలు సూదితో గుచ్చి, మధ్యమధ్య కనకాంబరాలు, అంచంతా మరువం. చివర అమ్మమ్మ జడకుప్పెలు. మెడ వెనక్కి లాగేస్తోంది. కదిలితే పిన్ని తొడ మీద గిల్లేది. అలాగే రిక్షా ఎక్కించి స్టూడియోకి తీసుకెళ్ళారు. అక్కడ నిలువుటద్దం ముందు ఓరగా నిలబెట్టారు, మొహం కెమెరాకి, జడ అద్దానికి. అద్దంలో జడ పూర్తిగా పడట్లేదని ఫొటోగ్రాఫర్ నా భుజాలు పట్టుకుని జరుపుతూనే ఉన్నాడు. ఆ లైట్ల వేడికి కాటుక కారింది. "నవ్వమ్మా" అంటే నవ్వలేదు, ఫొటోలో ఇప్పటికీ కోపంగానే ఉంటాను.

ఆ రాత్రి జడ విప్పనివ్వలేదు. బోర్లా పడుకున్నాను. మొగ్గలన్నీ చీకట్లో విచ్చుకున్నాయి. డాబా మీద పక్కలేసుకున్న వాళ్ళందరికీ వాసన. తాతయ్య లేచి "ఎవరే, తలనొప్పొస్తోంది" అన్నారు. నాకు మాత్రం గర్వంగా ఉంది, ఆ వాసనంతా నాదే మరి. పొద్దున్నకి అంచులు ఎర్రబడ్డాయి. అమ్మ దారాలు కత్తిరించి జడ ఊడదీసి, చెట్టు మొదట్లో వేసి రమ్మంది. వేస్తానని తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో, అమ్మ పట్టుచీరల మడతల్లో దాచాను. పది రోజుల తర్వాత పెట్టె తీస్తే నల్లటి ముద్ద, చీమలు, వంగపండు రంగు చీర మీద జడ పొడుగునా మరక. అమ్మ కొట్టిన దెబ్బ సంగతి అలా ఉంచండి. ఆ చీర మరక వైపు కుచ్చిళ్ళలోకి వచ్చేలా కట్టుకునేది తర్వాత. పోయేదాకా అలాగే కట్టింది.

ఇదంతా రాస్తుంటే ఒక విషయం గుర్తొస్తోంది, రాయకుండా ఉంటేనే బావుండేదేమో. దండ రాగానే తడపకుండా, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే పంపమంది ఆ అమ్మాయి. నేనేం చేశాను? అలవాటు కొద్దీ నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ చుట్టి పెట్టాను. పువ్వుల్ని మనం ఎప్పుడైనా పొడిగుడ్డలో పెట్టామా! పైగా సత్యనారాయణ వ్రతం, బంధువులు, ఆ హడావుడిలో పంపేసరికి ఐదో రోజు. లిల్లీల తెలుపు ఆ తడిగుడ్డలోనే సగం పోయుంటుంది. ఇది ఫోన్లో ఆ అమ్మాయి అడగలేదు, నేనూ చెప్పలేదు. కుళ్ళినవి తీసేస్తే ఖాళీ వచ్చి ఉంటుంది, ఆ ఖాళీలో ఆర్కిడ్ పెట్టి ఉంటుంది. అయినా ఒక మాట అడగొచ్చుగా. అడిగితే వద్దనేదాన్ని. ఖాళీ ఉంటే ఉండనీ అనేదాన్ని. అంటానా? ఏమో, అప్పుడు ఖాళీ ఎందుకుందని గొడవపెట్టుకునేదాన్నేమో.

అత్తయ్యగారు పెట్టె విప్పినప్పుడే "వాడిన పూలు ఇంట్లో ఉంచుకోకూడదమ్మా, గోదాట్లో కలిపేయండి" అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను. సాయంత్రం దీపం పెట్టి వస్తూ చూస్తే, ఆవిడే సోఫాలో ఆ దిమ్మని ఒళ్ళో పెట్టుకుని ముక్కు దగ్గరకి ఆనించుకుని ఉన్నారు. "వాసన రావట్లేదేంటే అమ్మాయ్" అన్నారు. రాదత్తయ్యా అన్నాను. ఇంకోసారి వాసన చూసి, చీరచెంగుతో వేలిముద్రలు తుడిచి ఇచ్చేశారు.

ఎండ తగిలితే దిమ్మ పసుపురంగుకి తిరుగుతుందని కాగితం మీద రాసిచ్చారు కాబట్టి హాల్లో కిటికీ పక్కన కుదరదు. ప్రస్తుతానికి బియ్యం డబ్బా మీద ఉంది.

బుజ్జి మూడు మెసేజీలు పెట్టింది. "వచ్చిందా?" "ఎలా ఉంది?" "అమ్మా ఫొటో!!" బావుంది, కరెంటు లేదు, పొద్దున్న తీసి పెడతానని రాశాను. కరెంటు ఉంది. ఆర్కిడ్ పడకుండా తీయాలంటే ఎడమపక్కనుంచి, కాస్త ఓరగా తీయాలి. ఇందాక రెండుసార్లు ప్రయత్నించాను, దిమ్మలో నా మొహమే పడుతోంది.