‘లాగా’ ఉన్నంత మాత్రాన ఉపమ కాదు

స్కూలు వదిలాక అలంకారాల మొహం చూడలేదు. పోటీ పరీక్ష కోసం మళ్ళీ వ్యాకరణం తెరవాల్సి వచ్చింది. లక్షణాలన్నీ, అంటే నిర్వచనాలన్నీ, కంఠతా పట్టేశాను. తీరా మొదటి మాదిరి పరీక్షలో పది అలంకార ప్రశ్నలకు నాలుగే ఒప్పయ్యాయి.

భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు ఉపమ, రూపకం, దీపకం, యమకం, ఈ నాలుగే. తర్వాతివాళ్ళు వంద దాటించారు. ఆ నాలుగింటితో ఆగి ఉంటే నా పని తేలికయ్యేది!

తప్పులన్నీ వరసగా చూస్తే సంగతి తెలిసింది. ‘లాగా’, ‘వలె’ కనిపిస్తే చాలు, ఉపమ అని రాసేస్తున్నాను. ‘చెల్లి కూడా నాలాగే ఆలస్యంగా లేస్తుంది’ అన్నదీ పోలికే, కానీ అందులో అలంకారం ఏముంది? ఉపమ లక్షణంలో ‘మనోహరమైన పోలిక’ అని ఉంది. ఆ మాటను బట్టీ పట్టానే గానీ పట్టించుకోలేదు.

అప్పుడు పుస్తకం పక్కన పెట్టి ఒక్క మబ్బునే రకరకాలుగా రాశాను. ‘మబ్బులు ఏనుగుల్లా నల్లగా ఉన్నాయి.’ మబ్బులు ఉపమేయం, ఏనుగులు ఉపమానం, నలుపు సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ‘మబ్బులనే ఏనుగులు ఘీంకరిస్తున్నాయి’ అంటే రెండింటికీ తేడా చెరిపేశాం, రూపకం. ‘ఆ మబ్బులు ఆకాశమెక్కిన ఏనుగులేమో!’ అంటే ఊహ, ఉత్ప్రేక్ష. ఏనుగుల తొండాలు తగిలి చుక్కలు రాలాయంటే అతిశయోక్తి.

‘ఎవరో తరుముతున్నట్టు మబ్బులు పరిగెడుతున్నాయి’ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ‘అట్టు’ ఉంది మరి! కానీ తరిమేవాళ్ళెవరూ లేరు, అది మనం కల్పించుకున్నదే. అందుకే ఉత్ప్రేక్ష. ఈ ఒక్క వాక్యం నాకు లక్షణాలన్నిటి కంటే ఎక్కువ నేర్పింది.

ఒకే మాటలో రెండు అర్థాలు పలికించే శ్లేషకు నిఘంటువు కావాలి. ‘రాజు కువలయానందకరుడు’లో రాజంటే ఏలేవాడు, చంద్రుడు కూడా, కువలయమంటే భూమండలం, కలువ కూడా. ఇది తెలియకపోతే ఎంత ఆలోచించినా లాభం లేదు.

అక్షరాల మోతతో నడిచే శబ్దాలంకారాలకు పైకి చదవడమే మందు. ‘వంద వందనాలు’ ఛేకం (ఛేకానుప్రాస). ‘ఆదుకునే చేతులే చేతులు’ లాటం (లాటానుప్రాస): అర్థం ఒకటే, తాత్పర్యం వేరు.

రెండోసారి ఎనిమిది వచ్చాయి. పోయిన రెండూ యమకమే. ఛేకంలో హల్లుల జంట వెంటవెంటనే రావాలి, యమకంలో అక్షరాల గుంపు వేరే అర్థంతో ఎంత దూరంలో వచ్చినా సరే. తెలుసు, అయినా రెండూ పక్కపక్కన కనిపిస్తే ఇప్పటికీ టెన్షనే. ఆ యమకం కూడా భరతుడు చెప్పిన నాలుగింటిలోదే!